చెంబెడు నీళ్ళ తీర్పు

రాజులమ్మకి మనుషులంటే పడదు. ఈ సంగతి ఆమె దాచుకోదు కూడా. మొగలిపేటలో ఎవరినడిగినా చెబుతారు. కంచిలి దాటి సముద్రం వైపు తిరిగి, జీడితోటలూ కొబ్బరితోటలూ దాటుకుంటూ పోతే ఇసుకలో ఆగిపోయే ఊరది. ఆ ఊరి ప్రార్థన మందిరాన్ని ప్రతి ఆదివారం ఊడ్చి, చాపలు పరిచి, గుమ్మం పక్కన చతికిలబడి వచ్చేవాళ్ళని లోపలికి పిలిచేది మాత్రం రాజులమ్మే. మనుషులంటే పడని మనిషికి ఆ పని ఎవరిచ్చారని అడక్కండి. ఎవరూ ఇవ్వలేదు. భక్తులందరికీ ముందు వరసలో కూర్చోవడమే కావాలి గానీ చీపురు ఎవరిక్కావాలి? అలా అది ఆమె చేతిలో ఉండిపోయింది.

ఆమె పిలుపులు వినాలి మీరు.

"రా, రా శివాజీ. రాత్రంతా తాగి పొర్లినావు కదా, కంపు కొడతన్నావు. ఆ కిటికీ కాడ కూకో, గాలాడతాది."

"వొచ్చినావా అశ్వినమ్మా! మీ అత్తకి కూడెట్టి వొచ్చినావా, తలుపు గొల్లెమెట్టి వొచ్చినావా? సర్లే, లోనకెల్లు. దేవుడికి నీలాటోల్లతోనే కదా పని."

కంచిలి నుంచి మోటారు సైకిలు మీద వచ్చే గుమస్తా జగన్నాథరావు ఒకడున్నాడు. చాప మీద కూర్చుంటే ప్యాంటు నలిగిపోతుందని ప్లాస్టిక్ కుర్చీ వెంట తెచ్చుకునే మహానుభావుడు. ఆయన కనబడగానే రాజులమ్మ లేచి దారిచ్చేది.

"కుర్చీ బాబు వొచ్చీసినారు! ఎల్లు బాబూ, ఎల్లు. దేవుడి కన్నా కూసింత కిందే ఎయ్యి కుర్చీ."

ఇన్ని మాటలూ అన్నాక ప్రతివాడికీ చోటు చూపించేది. తాగినవాడికీ, తగువులమారికీ, మొన్ననే అమ్మవారి పండగలో ఘటం ఎత్తి ఇవాళ జ్వరం తగ్గడానికి ప్రార్థన చేయించుకుందామని వచ్చినవాడికీ అందరికీ చాపే. నువ్వెవరు, ఎందుకొచ్చావు, ఏం చేసి వచ్చావు అని మాత్రం గుమ్మంలో ఒక్కరినీ అడగలేదు. తిట్టడం వేరు, ఆపడం వేరు. తిట్టడానికి తనకి నోరుంది. ఆపడానికి తనెవరు?

ఈ తేడా ఆమె ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. ప్రసంగాలప్పుడు ఆమె హాయిగా కునుకు తీసేది.

ఆమె పుట్టింది డొంకూరులో. మొగలిపేట దానయ్యకిచ్చి పెళ్ళి చేశారు. అతను వేటకెళ్ళేవాడు, ఆమె ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుని కంచిలి, సోంపేట వీధులు తిరిగి అమ్మేది. ఆ తీరంలో మగాళ్ళు ఏడాదిలో సగం గుజరాతు రేవుల్లో ఉంటారు. దానయ్య కూడా ఒక ఏడు బోటు జట్టుతో వెరావల్ వెళ్ళాడు. జట్టుకి వండిపెట్టడానికి అదే ఊరి మంగ వెళ్ళింది. వానల ముందు జట్టంతా తిరిగొచ్చింది, వాళ్ళిద్దరూ రాలేదు. అంతే కథ. రాజులమ్మ కడుపులో అప్పటికి ఒక నలుసుంది. అదీ నిలవలేదు.

అప్పుడు ఊరు చేసిన ఓదార్పు చెప్పుకోవాలి. ఆడవాళ్ళు గుంపులుగా వచ్చారు. కళ్ళొత్తుకున్నారు. ఒకామె ఇల్లంతా కలియజూసి, మగాడు నిలవాలంటే ఇల్లు ఇలా ఉంటే ఎలాగమ్మా అంది. ఇంకొకామె, నీ నోరు కూడా తక్కువది కాదులే అంది. టీ పెట్టించుకుని తాగారు, గ్లాసులు అక్కడే పడేసి పోయారు. మనుషులంటే ఏమిటో రాజులమ్మకి ఆ గ్లాసులు కడుగుతున్నప్పుడు తెలిసొచ్చింది. ఆ అసహ్యం మరి తగ్గలేదు. తగ్గించుకుందామని ఆమె ప్రయత్నమూ చేయలేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం సంత నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. మందిరం చూరు కింద నిలబడింది. టెక్కలిలో టీచరుగా చేసి రిటైరై ఆ ఊళ్ళో ఉంటున్న కామాక్షమ్మ అనే ముసలావిడ లోపల్నుంచి చూసి, "తడుస్తున్నావు, రా" అంది.

"నెత్తి మీద సేపల బుట్టున్నాది" అంది రాజులమ్మ, అదేదో శాపం పెట్టినట్టు.

"బుట్టతోనే రా."

వెళ్ళింది. లోపల అందరూ ముక్కులు మూసుకున్నారు. కామాక్షమ్మ మూసుకోలేదు. నీ కథేమిటని అడగనూ లేదు. అలా మొదలై వాన లేని ఆదివారాలు కూడా వెళ్ళడం అలవాటైంది. రాజులమ్మ మతం అని ఏదైనా ఉంటే అది ఇంతే. బుట్టతో రమ్మన్నారు, వెళ్ళింది. కామాక్షమ్మ పోయాక ఆ పిలుపు పిలిచే పని తనే తీసుకుంది. కామాక్షమ్మకున్న మెత్తదనం మాత్రం రాలేదు. రాకపోతే మానె.

ఇదిలా ఉండగా, ఈ వేసవిలో మంగ తిరిగొచ్చింది.

ఒక్కతే వచ్చింది. దానయ్య అక్కడే రేవులో పోయాడట, తాగి తాగి కడుపు ఉబ్బి. మంగకి కిడ్నీలు రెండూ పోయాయి. ఉద్దానం అనే ఆ తీరంలో ఇది వింతేమీ కాదు. గడపకొకరున్నారు. రోజు మార్చి రోజు పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. చేయించుకోకపోతే ఒంట్లో నీరు నిండి ఊపిరాడదు, మనిషి దక్కదు. అన్నదమ్ములు తలుపు వేసేశారు. ఊరి చివర జీడితోటలో పాడుబడ్డ కాపలా పాకలో పడుంది. సంఘపెద్ద గోవిందరాజులు కొడుకు యువరాజుకి ఆటో ఉంది. జాలిపడి కొన్నాళ్ళు ఆమెని పలాస తిప్పాడు.

గోవిందరాజులికి తెలిసింది. ఆటో ఆగిపోయింది.

ఈ గోవిందరాజులు ఇదివరకు కులపెద్ద. బాప్తిస్మం తీసుకున్నాక సంఘపెద్ద అయ్యాడు. నీళ్ళలో మునిగాడు గానీ భుజం మీద తువ్వాలు తడవనివ్వలేదు. తగువు తీర్చేటప్పుడు ఆ తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకోవడం దగ్గర్నుంచి, పెద్ద దగ్గు దగ్గి మాట మొదలెట్టడం దాకా అన్నీ పాతవే. వాటితో పాటే ఊరి పాత తీరు ఒకటి మోసుకొచ్చి మందిరంలో దింపాడు. దాని పేరు నీళ్ళివ్వడం.

తప్పు చేసి ఊరొదిలిపోయినవాళ్ళు తిరిగొస్తే గుమ్మం బయట నిలబెడతారు. ఎవరి ఇంటికి అన్యాయం జరిగిందో ఆ ఇంటివాళ్ళు తమ బిందెలోంచి చెంబు నిండా నీళ్ళు తెచ్చి అందరి ముందూ ఇవ్వాలి. వచ్చినవాళ్ళు చుక్క మిగలకుండా తాగితే మనవాళ్ళయినట్టు. ఇవ్వాల్సినవాళ్ళు ఆ నీళ్ళు నేల మీద పారబోస్తే వచ్చినవాళ్ళ పని అయిపోయినట్టే. ఇక వాళ్ళని ఎవరూ పలకరించరు కూడా, బండెక్కించుకోరు, నిప్పు ఇవ్వరు. కులానికి ఆ తీరు ఉందంటే ఉంది. మందిరానికి ఎందుకయ్యా అని అడిగినవాడు లేడు. అందరికీ సరదాగానే ఉంది మరి.

గోవిందరాజులు పాస్టరు ఫణీంద్రని వెంటబెట్టుకుని రాజులమ్మ చేపలారబెట్టే చోటికి వచ్చాడు. ఫణీంద్ర టెక్కలి కుర్రాడు. మంచి గొంతు, ఇస్త్రీ చొక్కా. వెన్నెముక ఇంకా రాలేదు.

"ఆదివారం మంగకి నీల్ల తీరు పెట్టినాం" అన్నాడు గోవిందరాజులు దగ్గి. "అది సంఘంలోకి వొత్తానంతంది. నీ ఇంటికి జరిగిన అన్నేయం. ఇత్తావో పారబోత్తావో నీ సిత్తం. నువ్వేటి సేత్తే అదే తీర్పు."

రాజులమ్మ చేపలు తిరగేస్తూనే ఉంది. "ఓలమ్మో! నన్ను జడ్జీని సేసీసినావేటి బావా? అడిగొచ్చినావా పైనోడిని?"

"తీరు తీరే."

"బావా, దానికి డయాలసీసు. పూటకి గుక్కెడు మించి నీల్లు తాగకూడదు. సెంబుడు తాగిత్తే సచ్చిపోద్ది. నీకు తెలవదేటి? మీ తమ్ముడు ఎలా పోనాడు?"

ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలిసిన సంగతే అది. కిడ్నీ మనిషి ఇంట్లో నీళ్ళు కొలిచి పోస్తారు. గోవిందరాజులు తన తమ్ముడికి తనే కొలిచి పోశాడు. ఇప్పుడు కొబ్బరిచెట్ల వైపు చూశాడు. ఫణీంద్ర గొంతు సవరించుకుని, "విశ్వాసంతో తాగితే ప్రభువు కాపాడతారు సహోదరీ" అన్నాడు.

"నువ్వు తాగుతావా బాబూ, విశ్వాసంతో? ఈ ఉప్పుసేపల కుండలో నీల్లున్నాయి, ఇమ్మంటావేటి?"

పాస్టరుగారికి టెక్కలిలో పనుందని గుర్తొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక రాజులమ్మ చాలాసేపు చేపలు తిరగేసినవే తిరగేసింది. నిజం చెప్పాలంటే ఆమెకి కోపం గోవిందరాజులు మీద ఒక్కడి మీదే కాదు. పారబోయడం అనే మాట వినగానే కడుపులో చల్లగా అనిపించింది. ఎన్నేళ్ళ నుంచో నిద్రపట్టనప్పుడల్లా మంగ ముందు నిలబడి ఏదో ఒకటి పారబోస్తున్నట్టే ఊహించుకుంది. ఇప్పుడు ఊరంతా కలిసి చెంబు తెచ్చి చేతిలో పెడుతోంది. పొయ్యవే అంటోంది. ఎంత దర్జా!

మర్నాడు బుట్టతో జీడితోట దారిన వెళ్ళింది. ఆ దారిన ఆమెకి బేరాలు లేవు. చూద్దామనే వెళ్ళింది. పతనమైపోయినదాన్ని కళ్ళారా చూసి రావాలని, అంతకన్నా మంచి ఉద్దేశమేమీ లేదు.

మంగ పాక ముందు గోనె మీద కూర్చుని ఉంది. ఆ రోజుల్లో నడుము ఊపుకుంటూ నడిచిన మనిషి ఇదేనా అనిపించేలా ఉంది. మొహం ఉబ్బి, కళ్ళు చిన్నవై, కాళ్ళు పిండి ముద్దల్లా వాచి ఉన్నాయి. రాజులమ్మని చూసి లేవబోయి లేవలేకపోయింది.

"కూకో, కూకో. లేచి ఏటి ఎలగబెడతావు?" అంది రాజులమ్మ.

"అప్పా..."

"అప్పా గిప్పా అనకు, నానేటి నీ తోబుట్టువునా? ఆదివారం సంగతి తెలిసిందా?"

"సెప్పినారు."

"ఇత్తే తాగుతావా?"

"తాగుతాను."

"సచ్చిపోతావే పిచ్చిమొకమా!"

మంగ ఆయాసపడుతూ నవ్వింది. "తాగకపోతే ఆటో నేదు. ఆటో నేపోతే ఎలాగూ సచ్చిపోతాను. తాగిత్తే సంఘంలో సచ్చిపోతాను కదా అప్పా. పాడె ఎత్తీవోల్లుంటారు. ఈ పాకలో పోతే కుక్కలు కూడా సూడవు."

రాజులమ్మకి ఒళ్ళు మండిపోయింది. దీని మీద జాలిపడాల్సి రావడం కన్నా హింస ఏముంటుంది? తన మొగుణ్ణి తీసుకుపోయింది, పోగొట్టుకుంది, ఇప్పుడొచ్చి ఇలాంటి మాటలు చెబుతోంది! ఏదైనా గట్టిగా అనాలని వెతికింది. నోటికొచ్చిన మాట వేరు.

"ఆడు... పోయినప్పుడు నా పేరేటైనా ఎత్తినాడా?"

మంగ తల దించుకుంది. "నేదప్పా. నా పేరూ ఎత్తనేదు. సారా ఎత్తినాడు."

రాజులమ్మ ఫక్కున నవ్వింది. ఆపుకుందామనుకుంది గానీ ఆగలేదు. ఆ వెంటనే తన మీద తనకే రోత పుట్టి, బుట్ట సర్దుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఆదివారం మందిరం ఎన్నడూ లేనంతగా నిండింది. ప్రార్థన అంటే కాళ్ళ నొప్పులొచ్చేవాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి చాపలు ఆక్రమించారు. జగన్నాథరావు కుర్చీని గుమ్మం బాగా కనబడేలా తిప్పి వేసుకున్నాడు. అశ్విని ఆ రోజు అత్తని కూడా తీసుకొచ్చింది. ముసలిదానికి ఇన్నాళ్ళకి ఒక వినోదం. రాజులమ్మ వీళ్ళందరినీ వరసగా చూసింది. ఒకటే జాతి! ఆనాడు ఇంటికొచ్చి టీ తాగి గ్లాసులు పడేసి పోయిన మొహాలే ఇవి. అప్పుడు తన పీట మీద తను కూర్చుంటే చూశారు. ఇవాళ గుమ్మం బయట మంగ నిలబడితే చూస్తున్నారు. రేపు ఎవరు దొరుకుతారో.

మంగ ఎండలో నిలబడి ఉంది. నిలబడడం అంటే అదో నిలబడడం కాదు, గోడకి చెయ్యి ఆనించి ఒరిగిపోయింది. పెదాలు ఎండిపోయాయి. గుమ్మంలో పీట మీద రాజులమ్మ ఇంటి ఇత్తడి చెంబు, అంచుదాకా నీళ్ళతో. పొద్దున్నే తన బిందెలోంచి తనే ముంచి తెచ్చింది.

గోవిందరాజులు తువ్వాలు దులిపాడు. దగ్గాడు.

"సంఘమా! ఈ మంగ సేసిన పాపం అందరికీ తెలుసు. ఇవాల ఇది తిరిగొచ్చి గుమ్మం కాడ నిలబడ్డాది. రాజులమ్మా, నీ ఇంటి నీల్లు. ఇత్తావా, పారబోత్తావా?"

రాజులమ్మ లేచి చెంబు తీసుకుంది. బరువుగా ఉంది. వెనక వరసలవాళ్ళు మోకాళ్ళ మీద లేచారు. ఒక్క క్షణం, అబద్ధమెందుకు, చెంబు నేల వైపే వంగింది. రెండు చుక్కలు ఇసకలో పడ్డాయి కూడా. ఎవరో "ఆ!" అన్నారు. ఆ "ఆ"లో ఎంత సంతోషం!

ఆ సంతోషం వినే ఆమె చెయ్యి ఆగింది.

"బావా, ఈ నీల్లు ఎవులివి?" అంది.

"నీవే."

"మా బిందెలోయి."

"అవునే, మీ బిందెలోయే."

"మరి నా ఇష్టమే కదా."

"నీ ఇష్టమే. కానీ బేగి కానీ!"

రాజులమ్మ చెంబెత్తి నోటికి పెట్టుకుని గటగటా తాగడం మొదలెట్టింది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. దాహమేసిందేమో అనుకున్నారు. ఆమె ఆపలేదు. మెడ మీద నుంచి కారి రవిక తడిసింది. సగంలో ఊపిరి తీసుకుంది, త్రేన్చింది, మళ్ళీ ఎత్తింది. చివరికి చెంబు తలకిందులు చేసి గోవిందరాజులు ముక్కు ముందు ఆడించింది.

"సుక్క మిగల్నేదు. సూసుకో."

"ఇదేటే!" అని అరిచాడు గోవిందరాజులు. తువ్వాలు జారిపోయింది. "అది తాగాల్సిన నీల్లు నువ్వు తాగీసినావేటి? తీరు పాడైపోనాది!"

"దాని కాల్లు సూసినావా?" రాజులమ్మ గొంతు లేచింది. "ఊరోల్లందరికీ తెలుసు అది తాగిత్తే పోద్దని. తెలిసే కూకున్నారు. సూడ్డానికొచ్చినారు! దాని వొంతు నాను తాగినాను. నా ఇల్లు, నా నీల్లు, నా మొగుడు, నా కడుపుమంట. మీకేటి మజ్జిన? థూ! ఇంక దీన్ని గుమ్మం కాడ ఆపీవోడు ఎవుడో రమ్మను. ఈ సెంబుతోనే బుర్ర పగలగొడతాను."

ఫణీంద్ర పీఠం దగ్గర నుంచి సన్నగా "స్తోత్రం" అన్నాడు.

"అది మొన్న అనాల్సింది బాబూ" అంది రాజులమ్మ, అటు తిరగకుండానే. ఆమె కళ్ళు వెనక గోడ దగ్గర నిలబడ్డ యువరాజుని వెతికాయి. "ఒరే, రేపు పొద్దున్న దీన్ని పలాస తీసుకెల్లాల. ఆటో పాక కాడికి తే."

యువరాజు తండ్రి వైపు చూశాడు.

"అటేటి సూత్తావు? నీల్లు తాగింది నాను. నన్ను సూడు."

"అలాగే పిన్నీ" అన్నాడు యువరాజు. గోవిందరాజులు జారిపోయిన తువ్వాలు కోసం వెతుక్కున్నాడు. తీరులో దీనికి జవాబు లేదు మరి. తాగినవాళ్ళ సంగతి ఉంది, పారబోసినవాళ్ళ సంగతి ఉంది. ఇంకొకరి వంతు తాగేసినవాళ్ళ సంగతి ఎవరూ అనుకోలేదు.

రాజులమ్మ బయటికి వెళ్ళి మంగ చంక కింద చెయ్యి వేసింది. బరువుకి తిట్టుకుంటూ, మెట్టు దగ్గర తిట్టుకుంటూ, జనం మధ్యలోంచి లాక్కొచ్చి ముందు వరస చాప మీద కూలేసింది. అక్కడున్న అశ్వినీ, అత్తా కలిసి పక్కకి జరిగారు. ఆ అత్తాకోడళ్ళు ఒక్కమాట మీద చేసిన మొదటి పని అదే అయుంటుంది.

మంగ ఆమె కొంగు పట్టుకుంది. ఏడుస్తోందో ఊపిరాడక రొప్పుతోందో తెలియడం లేదు.

"నన్ను సెమించీసినావా అప్పా?"

"నోర్ముయ్యే" అంది రాజులమ్మ. "నీ మొకం సూత్తే ఇప్పటికీ నా వొల్లు మండుతాది. సెమించడం ఇంకా నా వల్ల కానేదు, అవుద్దో అవదో కూడా తెలవదు. అది నాకూ పైనోడికీ మజ్జిన తగువు. నువ్వు లోనకి రావడానికీ దానికీ సమ్మందం నేదు."

మంగ వాచిన కాళ్ళు ముడుచుకోడానికి అవస్థపడుతోంది. దేవుడి పీఠం వైపు కాళ్ళు చాపకూడదని అందరిలాగే ఆమెకీ తెలుసు. రాజులమ్మ వంగి ఆ రెండు కాళ్ళూ పట్టుకుని పీఠం వైపే చాపింది. తలెత్తి మందిరమంతా ఒకసారి చూసింది.

"సాపుకో" అంది. "ఆయనేటీ అనుకోడు."